టీకా రోజు పిల్లల ఏడుపు: అపోహలు - వాస్తవాలు

బుధ, శనివారాలొస్తే మా సబ్‌సెంటర్‌లో ఏడుపులే ఏడుపులు. టీకాలేసే నర్సుగా వారం వారం వినే మాటలు కొన్నున్నాయి, వాటి గురించే ఇది.

అపోహ: నెలల పిల్లలకి నొప్పి అంతగా తెలీదు.

వాస్తవం: ఇది అమ్మమ్మల మాటేం కాదండోయ్, పెద్ద పెద్ద డాక్టర్లే అలా అనుకుని 1980ల దాకా అమెరికా, ఇంగ్లండ్‌లలో కూడా పసికందులకి సరిగ్గా మత్తివ్వకుండానే ఆపరేషన్లు చేసేవాళ్లు. మనదేశంలో పుట్టిన కె.జె.ఎస్. ఆనంద్ అనే డాక్టర్ 1987లో, మత్తు సరిగ్గా ఇస్తే నెలలు నిండని పిల్లలు కూడా ఆపరేషన్ తర్వాత బాగా తేరుకుంటున్నారని చూపించాకే ఆ ఆలోచన మారడం మొదలైంది.

అపోహ: సూది వేసేటప్పుడు పాలిస్తే పొలమారుతుంది.

వాస్తవం: నాకు ఎక్కువ గొడవలు దీని మీదే. ఒకటిన్నర నెలకి ఒకే రోజు మూడు సూదులు, చుక్కలు అదనం. మొన్నొక నాయనమ్మ "సిస్టర్, పాప నోట్లో పాలుంటాయి, ఆపమనండి" అని ఒకటే కంగారు. నేను ఆపనివ్వలా. విరేచనాలు రాకుండా వేసే, తియ్యగా ఉండే రోటా చుక్కలు ముందే వేసేసి, పాప పాలు పట్టుకుని చప్పరించడం మొదలెట్టాక సూదులు వేశా, ఎక్కువ మంటపెట్టే పీసీవీ (న్యుమోనియా టీకా) ఆఖర్న. గుచ్చగానే వాళ్లమ్మ పైటని గుప్పిట్లో బిగించింది, రొమ్ము వదిలి ఒక్క కేక పెట్టింది, మళ్లీ పట్టుకుంది. అంతే! డబ్ల్యూహెచ్‌ఓ కూడా 2015 నుంచి ఇదే చెప్తోంది, సూది వేసేటప్పుడు గానీ, దానికి కాస్త ముందు గానీ పాలివ్వమని.

అపోహ: పడుకోబెట్టి నలుగురు అదిమి పట్టుకోవాలి, తల్లి చూసి తట్టుకోలేదు కాబట్టి బయటుండాలి.

వాస్తవం: అలా పట్టుకుంటే నొప్పి కంటే భయం ఎక్కువైపోతుంది, మళ్లీసారి గుమ్మం దగ్గరే మొదలెడతారు. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని గుండెకి హత్తుకుంటే చాలు.

అపోహ: "ఏం నొప్పుండదు నాన్నా" అంటే ధైర్యం వస్తుంది.

వాస్తవం: అబద్ధమని ఒక్క సెకన్లో తేలిపోతుంది కదా, ఇక మీ మాట ఎందుకు నమ్ముతాడు? "కొంచెం చురుక్కుమంటుంది, నువ్వు బుడగలు ఊదు" అనండి, మూడు నాలుగేళ్లోళ్లు ఊదే గోలలో పడి సగం మర్చిపోతారు. ఫోన్‌లో వీడియో చూపించినా నేనేం అనను. అన్నం తినకపోతే సూది వేయిస్తా అని బెదిరించడం మాత్రం మానండి తల్లీ, ఆ కోపమంతా నా మీద చూపిస్తున్నారు!

సూదేసిన చోట రుద్దొద్దు. తియ్యదనం కోసమని ఏడాది లోపు పిల్లలకి తేనె అస్సలు నాకించొద్దు, బొటులిజం అని ప్రాణం మీదకొచ్చే జబ్బు రావచ్చు.

మాలాంటి వాళ్లకీ ఒక అపోహ ఉంది, సూది గుచ్చాక పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడాలని. టీకాలేసే చోట పెద్ద రక్తనాళాలుండవు, లాగినకొద్దీ సూది లోపల ఎక్కువసేపుండి నొప్పి పెరుగుతుంది తప్ప లాభం లేదు. తెలిసి కూడా నాకు ఆ అలవాటు పోవడానికి చాన్నాళ్లే పట్టింది.