థర్మోస్టాట్ పీకెయ్యమంటున్నారు మామయ్యా!

మా మేనల్లుడు మద్రాసు అంబత్తూరులో ఓ షెడ్డు అద్దెకి తీసుకుని కారు కడుతున్నాడు. కొనడం కాదు, కట్టడమే. గొట్టాలు వెల్డింగ్ చేసిన ఛాసిస్, పుదుప్పేట పాత సామాన్ల కొట్లలో దొరికిన 1.3 లీటర్ల మారుతి జిప్సీ ఇంజను, ఎక్కడెక్కడివో సీట్లు. వీటిని కిట్ కార్లు అంటారు. బ్రిటన్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ని చాలామంది ఇలాగే విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకున్నారు, తయారైన కారు మీద ఉండే పన్ను తప్పుతుందని. మావాడి బండికి రిజిస్ట్రేషన్ గొడవ వేరే ఉంది, అది ఇక్కడొద్దు.

మొన్న ఫోన్ చేశాడు. "మామయ్యా, ఇంజను మరీ వేడెక్కుతోంది. థర్మోస్టాట్ పీకెయ్యమంటున్నాడు మెకానిక్. అది చలిదేశాల వాళ్ళకట, మద్రాసు ఎండకి దండగట. పీకెయ్యనా?"

"ఆగరా బాబూ, నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోకు" అన్నాను. బండి ముందు నిమ్మకాయ, మిరపకాయలు అప్పుడే వేలాడుతున్నాయి. వాటివల్ల రేడియేటర్‌కి, అంటే ఇంజన్లో తిరిగే నీళ్ళని గాలితో చల్లబరిచే జాలీకి, గాలి ఓ పిసరు తగ్గుతుందేమో గానీ నష్టం లేదు. థర్మోస్టాట్ పీకెయ్యడం మాత్రం నష్టం తెచ్చే మూఢనమ్మకం.

థర్మోస్టాట్ అంటే ఒక తలుపు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు మూసుకుని నీళ్ళని ఇంజన్లోనే తిప్పుతుంది. వేడెక్కాక తెరుచుకుని రేడియేటర్‌కి పంపుతుంది. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. మరి ఎప్పుడు తెరవాలో దానికెలా తెలుస్తుంది?

నెయ్యి సీసాని చూడండి. కాచిన నెయ్యి మెడదాకా పోసి పెడితే, పేరుకున్నాక నడిమధ్యలో గుంట పడుతుంది. ఎవరో వేలు పెట్టి నాకారని మా అమ్మ మమ్మల్ని నిలదీసేది. ప్రతిసారీ దొంగలం మేము కాదు. కొవ్వు కరిగితే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, గడ్డకడితే ముడుచుకుంటుంది. చాలా పదార్థాలంతే, మంచు మినహాయింపు. బడిలో ఆ మినహాయింపునే మార్కుల కోసం బట్టీ పట్టించారు గానీ అసలు సూత్రాన్ని నెయ్యి సీసాలో చూపించిన మాస్టారు ఒక్కరూ లేరు.

థర్మోస్టాట్ నడిమధ్యన బొటనవేలి కొసంత లోహపు గిన్నె ఉంటుంది. దాన్నిండా మైనం. కరిగేటప్పుడు ఈ మైనం 10-15 శాతం ఉబ్బుతుంది. మైనం వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు కాబట్టి రాగిపొడి కలుపుతారు. మధ్యలో రబ్బరు తొడుగు, అందులో నున్నటి ఉక్కు పుల్ల. ఉబ్బిన మైనం రబ్బరుని నాలుగువైపులా నొక్కుతుంది. నానిన చింతగింజని రెండు వేళ్ళ మధ్య నొక్కితే జారి బయటికి దూకుతుందే, పుల్ల అలా బయటికి జారుతుంది. పుల్ల పైకొస ఫ్రేముకి ఆనుకుని ఉంటుంది కాబట్టి కదిలేది గిన్నె. స్ప్రింగుని అణిచి కిందికి దిగుతూ తలుపుని తెరుస్తుంది. చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు తలుపు మూస్తుంది.

ఈ మైనపు పద్ధతి 1930లలో అమెరికాలో సెర్జియస్ వెర్నెట్ అనే ఆయన తెచ్చాడు. అంతకుముందు తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం నింపిన లోహపు తిత్తులు వాడేవారు. ప్రెషర్ కుక్కర్ మూతలాంటి మూత పెట్టి నీళ్ళని ఒత్తిడిలో ఉంచడం మొదలయ్యాక తిత్తులు తికమకపడ్డాయి, ఆ ఒత్తిడికి అవీ నొక్కుకుపోతాయి గనక. మైనానికి ఆ బాధ లేదు.

మళ్ళీ నెయ్యి దగ్గరికి. జనవరి పొద్దున్న సీసాలో పైన నూనెలా, కింద పూసపూసలుగా ఉంటుంది చూశారా? నెయ్యి ఒకే కొవ్వు కాదు, ఎన్నో రకాల కలగలుపు, అందుకే ఒకే డిగ్రీ దగ్గర అంతా కరగదు. థర్మోస్టాట్ మైనం కూడా కావాలనే చేసిన కలగలుపు. తలుపు 82 డిగ్రీల దగ్గర మొదలై సుమారు 95 దగ్గర పూర్తిగా తెరుచుకుంటుంది. ఒకే డిగ్రీ దగ్గర కరిగే మైనమైతే తలుపు ధబాలున తెరుచుకుని, రేడియేటర్‌లోని చల్లటి నీళ్ళన్నీ ఒక్కసారి లోపలికి దూకి, వెంటనే మూసుకుని, మళ్ళీ తెరుచుకుని... వేడి చూపించే గేజి ముల్లు తైతక్కలాడేది. గిన్నె పొయ్యిమీద పెట్టగానే నెయ్యి కరగదు, కాస్త సేపు పడుతుంది. మైనమూ అంతే. అందుకే స్టార్ట్ చేశాక మొదటిసారి ముల్లు కాస్త పైకి పోయి దిగుతుంది. మావాడికి సగం టెన్షన్ అక్కడే.

ఇప్పుడు పీకెయ్యడం సంగతి. చాలా థర్మోస్టాట్లకి అడుగున రెండో బిళ్ళ ఉంటుంది. పై తలుపు తెరుచుకుంటుంటే ఇది ఇంజన్లోపలి అడ్డదారిని మూస్తుంది. పీకేస్తే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడినీళ్ళలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే వెనక్కి వస్తుంది. చల్లబడాలని పీకితే ట్రాఫిక్‌లో ఇంకా వేడెక్కుతుంది!

"నీళ్ళు మరీ వేగంగా పోతే చల్లబడే టైము ఉండదు, అందుకే వేడెక్కుతుంది" అని ఇంకో మాట ప్రచారంలో ఉంది. తప్పు. లెక్క చూద్దాం. వదిలించుకోవాల్సిన వేడి 30 కిలోవాట్లు, నీళ్ళు సెకనుకి ఒక లీటరు అనుకోండి. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ చల్లబడితే 4.2 కిలోజౌళ్ళ వేడి వదులుతాయి, కాబట్టి 30ని 4.2తో భాగిస్తే దాదాపు 7 డిగ్రీలు. అంటే రేడియేటర్‌లోకి 90తో పోయిన నీళ్ళు 83తో బయటికొస్తాయి, సగటు 86.5. వేగం సగానికి తగ్గిస్తే అదే వేడికి 14 డిగ్రీలు తగ్గాలి. 90, 76, సగటు 83. బయటి గాలి 40 అయితే మొదటిదానికి తేడా 46.5, రెండోదానికి 43. తేడా తగ్గితే వదిలే వేడీ తగ్గుతుంది. తక్కువ వేగంతో అంతే వేడి వదలాలంటే ఇంజను ఇంకో 3.5 డిగ్రీలు పెరగాలి. నీళ్ళు చల్లగా బయటికొచ్చినంత మాత్రాన రేడియేటర్ బాగా పనిచేసినట్టు కాదు.

ఇంజను మరీ చల్లగా ఉన్నా మంచిది కాదు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. ఎక్కువభాగం పొగగొట్టంలోంచి పోయినా కొంత ఆయిల్లోకి చేరుతుంది. ఆయిల్ బాగా కాగితేనే ఆ తడి ఎగిరిపోతుంది. లేకపోతే ఆయిల్ మూత అడుగున మజ్జిగ నురగలాంటి జిడ్డు.

మెకానిక్‌ని మరీ తప్పుపట్టలేం. బోరు నీళ్ళు పోసి నడిపిన బండ్లలో ఉప్పు పేరుకుని థర్మోస్టాట్ బిగుసుకుపోతుంది. అలాంటిదాన్ని పీకిన ప్రతిసారీ బండి బాగుపడడం ఆయన కళ్ళారా చూశాడు.

మావాడిది ఏ రకమో తేల్చడానికి దాన్ని అక్కావాళ్ళ వంటింటికి తీసుకెళ్ళాం. తలుపు సందులో దారం ఇరికించి, గిన్నెడు నీళ్ళలో అడుగు తగలకుండా వేలాడదీశాం. పక్కన వంట థర్మామీటరు. తలుపు తెరుచుకుంటే దారం వదులై థర్మోస్టాట్ కింద పడాలి. 82 దాటింది, 90 దాటింది, నీళ్ళు తెర్లాయి. పడలేదు. కొత్తది తెచ్చి వేలాడదీస్తే 83 దగ్గర టంగుమని పడింది. "నా పాల గిన్నె!" అంది అక్క.

కొత్తది బిగించేముందు రేడియేటర్ ఫ్యాన్ స్విచ్ చూశాను, 80కే ఆన్ అయ్యేది పెట్టాడు. తలుపు తెరుచుకునేదే 82 దగ్గరైతే ఆ ఫ్యాను ఇక ఆగదు. 95ది పెట్టమన్నాను. రేడియేటర్ పక్కల ఖాళీలు మూయమన్నాను, గాలి సందు దొరికితే జాలీలోంచి ఎందుకు పోతుంది?

థర్మోస్టాట్ అంచున చిన్న చిల్లు, అందులో ఆడే పిన్ను ఉంటాయి. ఇరుక్కున్న గాలి పోవడానికి అది. బిగించినప్పుడు ఆ చిల్లు పైభాగాన ఉండాలి. ముఖ్యంగా రేడియేటర్ ఇంజను కంటే కిందుగా ఉండే ఇలాంటి బండ్లలో. ఫోన్లో రెండుసార్లు చెప్పాను. కిందికి పెట్టి బిగించాడు. మర్నాడు కూలెంట్, అంటే ఇంజన్లో తిరిగే ఆ నీళ్ళు, మొత్తం బకెట్లోకి దించి మళ్ళీ మొదటినుంచీ.