రొయ్యల చెరువూ, రోజువారీ లెన్సూ

"మామయ్యా, నా కాంటాక్ట్ లెన్సుల డబ్బా మీద ఒక్కరోజే వాడమని ఉంది. రాత్రికి సెలైన్‌లో వేసి, మర్నాడు మళ్లీ పెట్టుకుంటే ఏమవుతుంది?" భీమవరం దగ్గరుండే మా మేనకోడలు వాట్సాప్‌లో అడిగింది. కొత్తగా ఉద్యోగం, రెండు కళ్లకూ మైనస్ ఆరు. వెనకే ఇంకో మెసేజ్: "పోనీ, తియ్యకుండా పడుకుంటే?"

ముందు రెండోదానికే జవాబు చెప్తాను. నాకు మహా ఇష్టమైన విషయం అది. పైగా వాళ్ల నాన్న రొయ్యల చెరువులు చేస్తాడు కాబట్టి, సగం పాఠం ఆ ఇంట్లో అందరికీ వచ్చు.

కంటి నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పొర కార్నియా. మందం అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు లేవు, ఉంటే చూపుకు అడ్డమే కదా. మరి దానికి ఆక్సిజన్? రొయ్యకు ఎలా అందుతుందో దాదాపు అలాగే. బయటి గాలి కన్నీటి పొరలో కరిగి, అక్కణ్నుంచి లోపలికి దిగాలి. మన ఎండలకు లీటరు నీళ్లలో 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలిస్తే గొప్ప. అందుకే రైతుకు తెల్లవారుజామున అంత టెన్షన్. రాత్రంతా నాచూ రొయ్యలూ కలిసి ఆక్సిజన్ వాడేస్తాయి, డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుంది, రొయ్యలు పైకి తేలతాయి.

కంటికీ రాత్రి గండమే, కారణమే వేరు. తెరిచిన కంటి మీద ఆక్సిజన్ పీడనం పాదరసం లెక్కలో సుమారు 155 మిల్లీమీటర్లు. రెప్ప మూస్తే గాలి తెగిపోతుంది. రెప్ప లోపలి వైపు రక్తనాళాలు ఇచ్చేదే దిక్కు, అది ఓ 55కు మించదు. ఏ లెన్సూ లేకపోయినా, రాత్రి నిద్రలో కార్నియా 4 శాతం దాకా ఉబ్బుతుంది. లేచిన కాసేపటికి తగ్గిపోతుంది. ఇప్పుడు ఆ చెరువు మీద ప్లాస్టిక్ పట్టా కూడా పరిచారనుకోండి. లెన్స్ పెట్టుకుని పడుకోవడమంటే అదే.

ఆక్సిజన్ చాలని కణాలు అది లేకుండానే గ్లూకోజును విరగ్గొట్టుకుంటాయి. దాంతో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. మాగాయ ముక్కల్లోని నీటిని ఉప్పు లాగినట్టు, అది చుట్టుపక్కల నీటిని కార్నియాలోకి లాగుతుంది. పొర ఉబ్బుతుంది, దీపం చుట్టూ వలయం కనిపిస్తుంది. ఇదే ఏళ్ల తరబడి సాగితే శరీరం తనకు తెలిసిన వైద్యం చేస్తుంది. పక్క కాలువకు గండి కొట్టి నీళ్లు తెచ్చుకున్నట్టు, తెల్లగుడ్డు అంచు నుంచి కార్నియాలోకి రక్తనాళాలు పెంచుతుంది. ఊపిరి అందుతుంది గానీ అద్దం పాడవుతుంది.

లెన్స్ ఎంత ఆక్సిజన్ వదలాలో 1984లో హోల్డెన్, మెర్ట్జ్ అనే ఇద్దరు లెక్క తేల్చారు. ఆక్సిజన్ దూరే గుణాన్ని మందంతో భాగిస్తే వచ్చే అంకె, మేలుకుని ఉండే వేళకు కనీసం 24, నిద్రలో 87 ఉండాలన్నారు. (ఆ బ్రియన్ హోల్డెన్ ఆస్ట్రేలియా ఆయన. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ సంస్థలోని పరిశోధన కేంద్రం ఆయన పేరు మీదే ఉంది.) ఈ గీతల పక్కన మొదటి మెత్తటి లెన్సుల్ని నిలబెడదాం. 1961 క్రిస్మస్ రోజుల్లో ప్రాగ్‌లో ఓటో విక్టర్లే తన ఇంట్లో, పిల్లల మెర్కుర్ బొమ్మల సెట్టు ముక్కలతో, సైకిల్ డైనమోతో యంత్రం కట్టి తీసినవి. నాకెప్పుడు తల్చుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. కానీ 38 శాతం నీళ్లుండే ఆ పదార్థంతో పదోవంతు మిల్లీమీటరు మందాన చేస్తే వచ్చే అంకె 8 చిల్లర. పగటికే చాలదు.

ఆ జెల్‌లో ఆక్సిజన్ నడిచేది నీళ్లలోంచే. అయితే నీళ్లు పెంచుదామా? అదే మందాన మొత్తం నీళ్లతోనే లెన్స్ చేయగలిగామనుకున్నా, రాత్రి గీత దగ్గరికి వచ్చి ఆగిపోతుంది! దారి మార్చక తప్పలేదు. 1990ల చివర్లో సిలికోన్ కలిపిన జెల్ వచ్చింది. ఆక్సిజన్ నీటికంటే సిలికోన్‌లోంచే సులువుగా జారిపోతుంది. ఇంకో మెలిక: కంపెనీలు చెప్పే ఈ ఆక్సిజన్ అంకె మామూలుగా మైనస్ మూడు లెన్స్ నడిమధ్యది. మైనస్ లెన్సు అంచులకు పోయేకొద్దీ మందం. మా పిల్లది మైనస్ ఆరు.

అయితే చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్లా రెప్ప చిలుకుతుంది కదా అంటారేమో. పోలిక ఇక్కడ తెగుతుంది. మెత్తటి లెన్స్ కింద రెప్పపాటుకు మారే కన్నీరు ఒక శాతం ప్రాంతంలోనే. వచ్చేదేదైనా లెన్స్‌ను దాటుకునే రావాలి. అయినా ఆ కాస్త కదలిక ఉండాలి, అడుగున చేరిన చెత్త బయటికి పోవడానికి. అందుకే కొలత చూసేవాళ్లు లెన్స్ పెట్టి పావుగంట కూర్చోబెట్టి, కింది రెప్పతో దాన్ని పైకి నెట్టి చూస్తారు. తేలిగ్గా జారి మళ్లీ చోటుకు రావాలి. బిగుతు లెన్స్ మొదట్లో చాలా హాయిగా ఉంటుంది, మోసం అక్కడే. హాయిగా ఉంది కదాని కొనేయకూడదు.

అద్దాల చీటీ చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టడమూ పొరపాటే. అద్దం కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్స్ కంటి మీదే. అద్దాల్లో మైనస్ ఆరు లెన్స్‌లో సుమారు 5.6 అవుతుంది, 5.50 ఇస్తారు. నాలుగు దాటితే ఈ తేడా లెక్కలోకి వస్తుంది.

ఇక సెలైన్ సంగతి. రెండో రోజు ఆక్సిజన్ తగ్గిపోదు, నిజమే. కానీ కన్నీటిలోని లైసోజైమ్ అనే ప్రోటీన్, కొవ్వు లెన్స్‌కు అంటుకుంటాయి, వాటి మీద బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. సెలైన్ ఉప్పునీళ్లు, అంతే. అది దేన్నీ చంపదు. నెలవారీ లెన్సులకు క్రిములను చంపే ద్రావణం వేరే ఉంటుంది. డైలీ లెన్స్‌ను రుద్ది కడిగి వాడేలా తయారే చేయలేదు.

కుళాయి నీళ్లయితే ఇంకా ఘోరం. ట్యాంకు నీళ్లలోనూ చెరువుల్లోనూ బతికే అకాంతమీబా అనే జీవి ఉంది. గుల్ల కట్టుకుని కూర్చుంటే క్లోరిన్‌కూ జంకదు. మన దేశంలో అది సోకేవాళ్లలో ఎక్కువమంది లెన్స్ ముఖం చూడనివాళ్లే. కంట్లో మట్టి, మురికినీళ్లు పడ్డవాళ్లు. పల్లెల్లో కంట్లో పోసే ఆముదం, చనుబాలు కూడా మేలు చేసేవి కావు. 'చల్లబరుస్తుంది' అని ఇప్పటికీ చెప్తారు, నాకు ఒళ్లు మండుతుంది. ఆ జీవికి లెన్స్ మనంతట మనమే పరిచే చాప. స్నానానికీ ఈతకీ ముందు తీసేయాలి. పెట్టుకునే ముందు సబ్బుతో కడిగిన చేతుల్ని పూర్తిగా ఆరబెట్టాలి.

లెన్స్ కంటి వెనక్కి, మెదడులోకి పోతుందన్న భయం మాత్రం వద్దు. రెప్ప లోపలి పొర మడత పడి తెల్లగుడ్డుకే అతుక్కుని ఉంటుంది, అటు దారి లేదు. తిరగబడిందా అన్న అనుమానం వస్తే వేళ్ల మధ్య నొక్కండి. అంచులు కజ్జికాయలా లోపలికి ముడుచుకుంటే సరే, బయటికి విచ్చుకుంటే తిరగేయాలి.

మా పిల్లకు చివరగా రాసింది ఇది: "రోజంటే ఇరవై నాలుగు గంటలు కాదమ్మలూ, నిద్రొచ్చేదాకా. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా వెంటనే తీసెయ్. మెడికల్ షాపులో చుక్కల మందు అడక్కు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికెళ్లు. తీసిన లెన్స్ మాత్రం పారేయకు, దాన్నుంచి ఏ క్రిమో ల్యాబ్‌లో తేల్చొచ్చు. నువ్వడిగిన సెలైన్‌లో వేసి పట్టుకెళ్లు."