కీళ్లవాతానికి విటమిన్ ఏ గోలీలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో నా క్లినిక్‌కి నర్సంపేట వైపు నుంచి ఒకామె వస్తుంటుంది. రుమటాయిడ్ కీళ్లవాతం. వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ గోలీతో కోలుకుని, పోయినేడు పత్తి ఏరడానికి కూడా పోయింది. కొన్ని నెలల కింద కొడుకు భుజం పట్టుకుని లోపలికి వచ్చింది. ఆరు నెలలుగా ఆ గోలీ మానేసి, రోజూ 25,000 యూనిట్ల విటమిన్ ఏ క్యాప్సూల్ మింగుతోందట.

"ఇమ్యూనిటీ తగ్గితే ఈ బీమారి వస్తదట మేడం. అది పెంచుకుంటే గోలీలు అక్కర్లేదన్నరు."

ఈ మాట వారానికి నలుగురి నోటైనా వింటాను. పూర్తిగా తప్పు. రుమటాయిడ్ కీళ్లవాతం, లూపస్ (చర్మం, కీళ్లు, కిడ్నీలను దెబ్బతీసే జబ్బు), సోరియాసిస్ ఇమ్యూనిటీ తగ్గి వచ్చేవి కావు. మనల్ని కాపాడాల్సిన కణాలు దారితప్పి మన ఒంటి మీదే పడటం వల్ల వచ్చేవి. మెథోట్రెక్సేట్ ఆ దాడిని అదుపు చేస్తుంది. దాన్ని ఆపితే కీలు లోలోపల అరిగిపోతూనే ఉంటుంది.

విటమిన్ ఏకి ఇమ్యూనిటీతో సంబంధం లేదా అంటే, ఉంది. దాని నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం ఈ దాడిని శాంతపరిచే టీ కణాలు (T-cells, రక్షణ కణాల్లో ఒక రకం) తయారవడానికి తోడ్పడుతుంది. అప్పటికే వాపు రగిలి ఉంటే అదే ఆమ్లం మంటను ఎగదోయవచ్చని ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో కనిపించింది. అంత మెలిక ఉన్న విషయాన్ని వాట్సాప్‌లో "బూస్టర్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు కోపం వస్తుంది.

ఆడవాళ్లకు రోజుకు కావాల్సింది 840 మైక్రోగ్రాములు. ఆ 25,000 యూనిట్ల క్యాప్సూల్‌లో 7,500 మైక్రోగ్రాములు ఉంటుంది. ఎక్కువైనది మూత్రంలో పోదు, కాలేయంలో పేరుకుంటుంది. ఆమెకు తలనొప్పి, పగిలిన పెదవులు, రాలే జుట్టు. లివర్ పరీక్షలోనూ తేడా. మెథోట్రెక్సేట్ కూడా లివర్‌నే చూసుకుంటూ వాడాల్సిన మందు కాబట్టి, వెంటనే మళ్లీ మొదలుపెట్టలేకపోయాను.

గర్భిణులు ఈ పెద్ద డోసుల జోలికే పోవద్దు, బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. క్యారెట్, మునగాకు, పండిన బొప్పాయికి భయం లేదు. తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ల దాకా పిల్లలకు వేసే విటమిన్ ఏ సిరప్ మాత్రం ఆపకండి, అది వేరే సంగతి. రేచీకటి లాంటి లోపం నిజంగా ఉంటే మేమే రాసిస్తాం.

గోలీ మానేసినవాళ్లు తిడతానని టెన్షన్ పడకండి. నొప్పితో నిద్రలేని మనిషి ఏ మాటైనా నమ్ముతుంది, నాకు తెలుసు. వాడుతున్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని రండి.

ఆమెకు లివర్ కుదుటపడ్డాక మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెట్టాం. వాపు తగ్గింది. కుడి మణికట్టు మాత్రం మునుపటిలా తిరగడం లేదు.