సైన్సు మాస్టారి స్మృతిని నిలపడం: అపోహలు - వాస్తవాలు

ఎన్నో బ్యాచ్‌లు ప్రేమించిన సైన్సు లెక్చరర్, డీన్‌గా కాలేజీని నడిపించిన మనిషి కన్నుమూస్తే పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వారం తిరక్కుండానే మూడు మాటలు వినిపిస్తాయి: విగ్రహం, గోల్డ్ మెడల్, సంస్మరణ సంచిక. అదే సమయంలో ఇంట్లో అల్మరా ఖాళీ అవుతూ ఉంటుంది. పెద్దకర్మ అయ్యాక పాఠాల నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, ఓహెచ్‌పీ షీట్లు (ప్రొజెక్టర్‌తో తెర మీద చూపే ప్లాస్టిక్ రేకులు) బస్తాల్లోకి ఎక్కి పాత పేపర్ల బండికి వెళ్లిపోతాయి. కాలేజీ స్మారకాలు, పాత రికార్డుల పని చేసేవాళ్లకు పదేపదే ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ముందు డబ్బు పోగుచేద్దాం, కాగితాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: డబ్బు ఏడాది ఆగి అడిగినా వస్తుంది. కాగితం ఒకసారి పోతే మళ్లీ రాదు. కొవ్వొత్తి గురించి శాస్త్రవేత్త ఫారడే పిల్లలకు చెప్పిన పాఠాలు ఈనాటికీ చదవగలుగుతున్నామంటే, ఆయన మాట్లాడుతుండగా రాసుకున్నవాళ్లు ఉండబట్టే. వాటిని విలియం క్రూక్స్ 1861లో అచ్చువేయించాడు. అమెరికాలోని కాల్‌టెక్‌లో 1961-63 మధ్య భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ చెప్పిన పాఠాలనూ టేపులో ఎక్కించి, బోర్డును ఫొటోలు తీసి దాచారు. మన కాలేజీల్లో ఆ ఏర్పాటు ఉండదు కాబట్టి మాస్టారి చేతిరాతే మిగిలిన ఆధారం.

కుటుంబాన్ని మొదట అడగాల్సినవి మూడు: పాఠాల నోట్సు, స్వయంగా తయారుచేసిన ప్రశ్నపత్రాలు, ల్యాబ్ మాన్యువల్ చిత్తుప్రతులు. నోట్సులో విషయం కన్నా అంచుల్లోని గీతలు విలువైనవి. "ఇక్కడ ఆగి అడగాలి", "ఈ ఉదాహరణ అర్థం కాలేదు, మార్చాలి" అన్న చిన్న మాటల్లోనే ఆయన బోధన ఉంటుంది. నాలుగోది విద్యార్థుల దగ్గర దొరుకుతుంది: ఆయన ఎర్ర సిరాతో దిద్దిన రికార్డు పుస్తకాలు. అచ్చయిన పరిశోధన పత్రాలకు తొందర లేదు, అవి వేరేచోట కూడా దొరుకుతాయి.

స్కానింగ్‌లో ఎక్కువగా జరిగే తప్పు బ్లాక్ అండ్ వైట్ సెట్టింగ్. ఎర్ర సిరా నల్లగా మారిపోయి ఏది విద్యార్థి రాతో, ఏది మాస్టారి దిద్దుబాటో తెలియకుండా పోతుంది. రంగుల్లోనే తీయాలి. మామూలు రాతకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) చాలు. పెన్సిల్ బొమ్మలకు, గ్రాఫులకు, ఫొటోలకు 600 పెట్టాలి. అసలు ప్రతి నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా, పంచుకునే ప్రతి పీడీఎఫ్‌గా ఉంచి, రెండు వేర్వేరు డిస్కుల్లో రెండు వేర్వేరు ఇళ్లలో దాచాలి. స్కాన్ కోసమైనా, ఆ తర్వాతైనా పుస్తకాల కుట్టు విప్పకండి, వరుస మార్చకండి. తేదీ లేని కాగితం ఏ ఏడాదిదో దాని ముందు వెనకల కాగితాలే చెబుతాయి.

అపోహ: ల్యామినేషన్ చేయిస్తే కాగితం కలకాలం ఉంటుంది.

వాస్తవం: ఉండదు. వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితం నారలోకి దిగుతుంది, తర్వాత విడదీయలేం. సెల్లోటేపు కూడా అంతే, జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి ఇంకుతుంది. తుప్పు పట్టిన గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు మెల్లగా తీసేయాలి. ఓహెచ్‌పీ షీట్ల మధ్య ఒక్కొక్క తెల్లకాగితం పెట్టాలి, లేకపోతే ఒకదానికొకటి అంటుకుంటాయి. వాటి మీద రాసిన సిరా చాలాసార్లు నీటికి కరిగేది కాబట్టి తడిగుడ్డ అసలు తగలకూడదు.

పురుగు పడితే ఎండలో ఆరబెట్టడం, కలరా ఉండలు చల్లడం మన ఇళ్లలో అలవాటు. ఎండకు సిరా వెలిసిపోయి కాగితం పెళుసెక్కుతుంది. కలరా ఉండల ఆవిరి కాగితాల దగ్గర పనిచేసేవాళ్లకు మంచిది కాదు. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచడం మేలు. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే చల్లటి కాగితం మీద తేమ చేరుతుంది.

అపోహ: కాలేజీలో ఆయన గది ఎవరైనా సర్దేయొచ్చు.

వాస్తవం: సైన్సు అధ్యాపకుల బీరువాలు ఇంట్లో అల్మరాల వంటివి కావు. ఇక్కడ అభిమానం కన్నా జాగ్రత్త ముందుండాలి.

జువాలజీ వాళ్ల గదిలో కణజాలాన్ని స్థిరపరిచే బూయిన్ ద్రావణం ఉండొచ్చు. దాని కోసం తెచ్చిన పిక్రిక్ ఆమ్లం సీసా కూడా అక్కడే ఉండొచ్చు. పిక్రిక్ ఆమ్లాన్ని నీటితో తడిగా నిల్వ చేస్తారు. ఏళ్ల తరబడి వదిలేస్తే అది ఎండిపోయి, మూత అంచుల్లో పసుపు స్ఫటికాలు కడుతుంది. అప్పుడు మూత తిప్పిన రాపిడికే పేలగలదు. పాత ఈథర్ సీసాల్లో పెరాక్సైడ్లు చేరతాయి, వాటికీ ఇదే ప్రమాదం. ఇలాంటివి కనిపిస్తే తెరవకుండా, కదపకుండా, ఉన్నచోటే వదిలి గది మూసి, కెమిస్ట్రీ విభాగం భద్రత చూసేవారికి చెప్పాలి. ఫొటో దూరం నుంచి తీస్తే చాలు.

బోటనీ గదిలో పాత హెర్బేరియం షీట్లు (ఎండబెట్టిన మొక్కలు అతికించిన అట్టలు) ఉంటే చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పురుగు పట్టకుండా వాటికి విషపూరితమైన మెర్క్యురిక్ క్లోరైడ్ పూసే పద్ధతి చాలాకాలం నడిచింది. ఫిజిక్స్ గదిలో పగిలిన థర్మామీటర్లు, మానోమీటర్లు ఉంటే నేలమీద పాదరసం ఉందేమో ముందు చూడాలి. చీపురుతో ఊడిస్తే అది చిన్న చిన్న బొట్లుగా విడిపోయి మరింత ఆవిరవుతుంది.

అపోహ: బోధన గొప్పదే కానీ డీన్‌గా చేసింది ఆఫీసు పని, దాన్ని దాచడానికి ఏముంది?

వాస్తవం: చాలా ఉంది. మార్గరెట్ మాక్‌వికార్ భౌతికశాస్త్రం చదివి, ఎంఐటీలో పాఠం చెప్పి, అక్కడ అండర్‌గ్రాడ్యుయేట్ విద్యకు తొలి డీన్ అయ్యారు. డిగ్రీ పిల్లలు మొదటి ఏడాది నుంచే ప్రొఫెసర్ల పక్కన పరిశోధన చేసే ఏర్పాటును ఆమె 1969లో మొదలుపెట్టారు. ఆమె 1991లో చనిపోయాక ఆమె పేరిట ఎంఐటీ చేసిన పని గమనించదగ్గది: డిగ్రీ విద్యార్థులకు గొప్పగా పాఠం చెప్పే అధ్యాపకులను ఎంచి, పదేళ్ల కాలానికి ఫెలోలుగా నియమించి, వాళ్ల బోధనకు అండగా నిలిచే పథకం పెట్టారు. డీన్ ఏ పని కోసం తపించారో ఆ పనే ఆమె పేరుతో సాగుతోంది.

ప్రాక్టికల్స్‌కు గంటలు పెంచిన తీర్మానం, సిలబస్‌లో ప్రాజెక్టు చేర్చిన బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ నిర్ణయించే కమిటీ) మినిట్స్, ఫీజు కట్టలేని పిల్లల కోసం రాసిన నోట్ ఫైళ్లు: మన కాలేజీల్లో డీన్ జాడ వీటిలో ఉంటుంది. ఇవి కాలేజీ ఆస్తి, ఇంటికి తీసుకెళ్లకూడదు. ప్రిన్సిపాల్ అనుమతితో నకళ్లు తీసుకోవాలి. సొంత ఉత్తరాలు, డైరీలు మాత్రం కుటుంబానివి. విద్యార్థుల మార్కులు, క్రమశిక్షణ ఫైళ్లు ఎవరి స్మారకంలోనూ చేరకూడదు.

అపోహ: శిష్యులంతా తలా ఒక వ్యాసం రాస్తే ఆయన ఎలా బోధించారో తెలుస్తుంది.

వాస్తవం: వ్యాసాలన్నీ "దేవుడులాంటి మనిషి" దగ్గర ఆగిపోతాయి. ఆ మాట నిజమే అయినా, దానివల్ల ఇంకొక లెక్చరర్ నేర్చుకునేది ఏమీ ఉండదు. ఎదురుగా కూర్చుని రికార్డు చేయడం మేలు. "సార్ ఎలా ఉండేవారు?" అని కాకుండా, "బ్రౌన్ రింగ్ రాకపోతే ఏం చేయమనేవారు?", "వెర్నియర్ రీడింగ్ తప్పితే ఎలా పట్టుకునేవారు?" అని అడగండి. నైట్రేటును గుర్తించే ఆ బ్రౌన్ రింగ్ పరీక్షకు ఫెర్రస్ సల్ఫేట్ అప్పటికప్పుడు కలపమన్నారా, ఆమ్లాన్ని గోడ వెంబడి ఎలా జార్చమన్నారు అన్నవి అప్పుడు బయటికొస్తాయి.

గదిలో ఫ్యాన్ ఆపాలి, ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి మాట్లాడేవారికి మూరెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద ఉంచాలి. వీలైతే నాణ్యత తగ్గని వేవ్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్ సెట్టింగ్‌తో రికార్డు చేయాలి. మొదట తేదీ, ఊరు, ఇద్దరి పేర్లు చెప్పాలి. పెద్దవాళ్లయితే గంటకు మించి కూర్చోబెట్టవద్దు. సంతకంతో అనుమతి తీసుకోవాలి. ల్యాబ్ అటెండర్‌ను మాత్రం మరిచిపోవద్దు. మాస్టారి ప్రయోగాలకు ముందురోజు సాయంత్రం సరంజామా సర్దింది అతనే.

అపోహ: లక్ష రూపాయలు డిపాజిట్ చేస్తే ఎప్పటికీ బహుమతి నడుస్తుంది.

వాస్తవం: 6.5 శాతం వడ్డీకి లక్ష మీద ఏటా 6,500 వస్తుంది. మొత్తం ఖర్చు చేసేస్తే, ధరలు ఏటా 6 శాతం పెరిగే లెక్కన 12 ఏళ్లకు ఆ 6,500 విలువ సగమైపోతుంది. రసాయనశాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రే 1922లో కలకత్తా విశ్వవిద్యాలయానికి 10,000 రూపాయలిచ్చి రసాయనశాస్త్రంలో నాగార్జునుడి పేరిట బహుమతి పెట్టారు. ఆనాటికి అది పెద్ద మొత్తం. అంతే అసలు మీద 6.5 శాతం లెక్కన వచ్చే వడ్డీ 650 రూపాయలు. అందుకే 10,000 రూపాయల బహుమతి కావాలంటే కనీసం రెండున్నర లక్షలు వేయండి. వచ్చే 16,250లో బహుమతి పోగా మిగిలిన 6,250 ఏటా అసలుకు కలపండి.

డబ్బు కన్నా ఎక్కువగా బహుమతులను ఆపేసేది రాతలోని తప్పు. "ఫిజిక్స్ మూడో పేపర్లో అత్యధిక మార్కులు" అని రాస్తారు. సెమిస్టర్ పద్ధతి వచ్చి ఆ పేపరే పోతుంది, బహుమతీ ఆగిపోతుంది. "లేదా బోర్డ్ ఆఫ్ స్టడీస్ నిర్ణయించిన సమాన కోర్సు" అని చేర్చాలి. "పది గ్రాముల బంగారు పతకం" అని బరువు రాయకూడదు, బంగారం ధర పెరిగితే వడ్డీ చాలదు. కమిటీలో పేర్లు కాకుండా ప్రిన్సిపాల్, విభాగాధిపతి, పూర్వ విద్యార్థుల ప్రతినిధి అని పదవులు రాయాలి. డిపాజిట్‌ను పట్టించుకోకుండా పదేళ్లు వదిలేస్తే ఆ డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి బదిలీ అవుతుంది. తిరిగి రాబట్టుకోవచ్చు, కానీ బ్యాంకు చుట్టూ తిరగాలి.

అపోహ: అమెరికాలో ఉన్న శిష్యులు నేరుగా కాలేజీ ఖాతాలో వేయొచ్చు.

వాస్తవం: భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అందుకు సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకే రావాలి. స్నేహితుడి ఖాతా ద్వారా తిప్పడం చట్టవిరుద్ధం.

అపోహ: సంస్మరణ సభ అంటే ప్రసంగాలు.

వాస్తవం: ఆయన క్లాసులో చేసి చూపిన ఒక ప్రయోగం వేదిక మీద చేయించండి, ఇప్పటి విద్యార్థుల చేతే. కెమిస్ట్రీ మాస్టారైతే రంగు పోయి మళ్లీ వచ్చే నీలి సీసా ప్రయోగం బాగుంటుంది. లీటరు ఫ్లాస్కులో 300 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, అందులో 8 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్. చల్లారాక 10 గ్రాముల గ్లూకోజ్, నిండు నీలం వచ్చేదాకా 0.1 శాతం మిథిలీన్ బ్లూ చుక్కలు. కదపకుండా ఉంచితే నీలం పోతుంది, మూత బిగించి ఊపితే గాలిలోని ఆక్సిజన్ కరిగి మళ్లీ వస్తుంది. క్షారం చల్లారకముందే గ్లూకోజ్ వేస్తే రంగు మరీ త్వరగా పోయి వెనక వరుసకు కనిపించదు. రంగు ఎక్కువ పోస్తే నీలం పోవడానికి ఎక్కువసేపు పడుతుంది. మూత వదులైతే క్షారం కంట్లో పడుతుంది, కాబట్టి కళ్లజోడు, గ్లవ్స్ తప్పవు. పొద్దున్నే కలిపి సాయంత్రం సభకు తేవద్దు, కొన్ని గంటలకు ద్రావణం పసుపెక్కిపోతుంది. అరగంట ముందు కలిపితే సరిపోతుంది.