మసి మీద మన జిల్లాల్లో వినబడే మాటలు: అపోహలు, వాస్తవాలు

గాలి నమూనాలు తీసే పనిలో ఉన్నవాణ్ణి. విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా నాకు ఎదురయ్యే మాటలు దాదాపు ఇవే.

అపోహ: పొగ కనబడకపోతే మసి లేనట్టే.

ఇంధనం సగంసగం కాలినప్పుడు పుట్టే మసి గుండ్లు ఒక్కోటీ 20–50 నానోమీటర్లే (మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు). గొలుసుకట్టుగా అతుక్కున్నాక కూడా చాలావరకు పీఎం2.5 (2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న నలుసులు) లోపలే ఉంటాయి. తెల్లగా పెట్టిన ఫిల్టర్ 24 గంటలయ్యాక బూడిదరంగుకి తిరిగి బయటికొస్తుంది, రోడ్డు మీద నల్లపొగ కక్కే బండి ఒక్కటీ కనబడని రోజున కూడా.

అపోహ: పెద్ద ఫ్యాక్టరీలుంటేనే మసి, మనకేం?

లారీలు బారులు తీరే 16వ నంబరు హైవే మన ఊళ్ల పక్కనుంచే పోతోంది కదా! దానికితోడు ఊకతో నడిచే రైసుమిల్లు బాయిలర్లు, ఇటుక బట్టీలు, వీధి చివర తగలబెట్టే చెత్త. పలాస వైపు జీడిపిక్కల తొక్క మండితే వచ్చే ఘాటు అక్కడివాళ్లకి తెలిసిందే, ఆ తొక్కలో ఉండే నూనె వల్లే అది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి ఉన్న 13 పట్టణాల్లో విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయి. కాకపోతే ఆ ఎంపిక ప్రధానంగా పీఎం10 (10 మైక్రాన్ల దాకా ఉండే నలుసులు) లెక్క మీద జరిగింది. అందులో రోడ్డు దుమ్ముదే పెద్ద వాటా కాబట్టి, ఆ ఒక్క అంకె చూసి మసి ఎంతో చెప్పలేం.

అపోహ: మసంటే ఉత్త బొగ్గుపొడి, గాలిలో అలాగే తేలుతూ ఉంటుంది.

అసలు కథంతా ఇక్కడే ఉంది. పొగగొట్టం దాటిన కొత్త మసికి నీళ్లు పడవు. దాన్ని అంటిపెట్టుకుని బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలుంటాయి. ఎండ తగిలాక దాని చుట్టూ రసాయనం మొదలవుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ సల్ఫేటుగా, నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లంగా మారతాయి. పొలంలో చల్లిన యూరియా నుంచి, పశువుల పెంట నుంచి లేచే అమ్మోనియా వాటితో కలిసి లవణాలవుతుంది. ఇవీ, సేంద్రియ ఆవిర్లూ మసి మీద పూతగా పేరుకుంటాయి. కొన్ని గంటల నుంచి ఒకట్రెండు రోజుల్లో గొలుసు ముడుచుకుని ఉండకడుతుంది, తేమనీ పీల్చడం మొదలుపెడుతుంది. పూత భూతద్దంలా పనిచేసి వెలుతుర్ని లోపలికి మళ్లిస్తుంది కాబట్టి, అదే మసి ఇప్పుడు మరింత వేడిని పట్టుకుంటుంది. ఓజోన్ తగిలి మసి మీది కొన్ని పదార్థాలు క్వినోన్లనే రసాయనాలవుతాయి, ఊపిరితిత్తులకి అవి ఇంకా చేటు.

అపోహ: సముద్రం దగ్గరుంది, గాలి ఊడ్చుకుపోతుంది.

సగం నిజం. రాత్రి నేల గాలి సముద్రం మీదకి తోసిన మసిలో కొంత, మధ్యాహ్నం సముద్రపు గాలితో మళ్లీ మన మీదకే రావచ్చు. ధనుర్మాసం తెల్లవారుజామున అదీ ఉండదు. కింద చల్లగాలి, దాని మీద వెచ్చటి పొర మూతపడి, పొయ్యిల పొగ, బస్సుల పొగ మన ముక్కుల ఎత్తులోనే ఆగిపోతాయి. భోగినాడు టైర్లు వేసేవాళ్లని ఏమనాలో నాకైతే తెలీదు.

అపోహ: కట్టెల పొగ సహజమైనది, ఏం కాదు.

అవుతుంది. మసి కట్టెదైనా డీజిల్‌దైనా మసే.

అపోహ: తుండు చుట్టుకుంటే చాలు.

దుమ్ముకి కొంత పనికొస్తుంది. ఈ నలుసులకి ఎన్95 మాస్క్ కావాలి, అదీ ముక్కు దగ్గర సందు లేకుండా. గుబురు గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతూనే ఉంటుంది.