నుదుటి మీద తెల్లచుక్క

హైదరాబాద్‌లో పోలీసులు దారిన పోయేవాళ్లను ఆపి, ముఖం ఫొటో తీసుకోవడం మీద గొడవ మళ్లీ రాజుకుంది. చర్చంతా కెమెరాలు, సాఫ్ట్‌వేర్ చుట్టూ నడుస్తోంది. నా దృష్టిలో దీని అసలు మలుపు మద్రాసు మ్యూజియంలో ఉంది.

1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ, ముక్కు ఎంత సన్నమైతే కులం అంత పైదని తేల్చబోయిన సంగతి చాలామంది చదివిందే. ఆయన బెంగాల్ కొలతలను గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ తర్వాత తిరగేసి చూసి, అందులోని తప్పులు పట్టుకున్నారు. శాస్త్రంగా ఆ కథ అక్కడికి సరి.

పోలీసు కథ వేరు. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ కాలిపర్లు, అంటే వెడల్పు కొలిచే రెండు కాళ్ల పరికరాలు, పట్టుకుని దక్షిణాదంతా తిరిగాడు. తల పొడవు, వెడల్పు, ముక్కు ఎత్తు, కళ్ల మధ్య దూరం కొలిచేవాడు. ముక్కు వెడల్పును నూరుతో హెచ్చవేసి ఎత్తుతో భాగించేవాడు. 85 దాటితే చప్పిడి ముక్కు, 70 లోపైతే సన్నముక్కు. ఆ కొలిచే విద్యనే పోలీసులకూ నేర్పాడు.

కొలిపించుకున్నవాళ్లు ఏమనుకున్నారో 1909లో ఆయన అచ్చువేసిన కులాలు, తెగల సంపుటాల్లోనే ఉంది. కొలత ఎక్కడ పెట్టాలో గుర్తుకోసం ముఖం మీద తెల్లరంగుతో చిన్న చుక్క పెట్టేవాడట. ఆ చుక్క బొబ్బలెక్కి నుదుటి మీద నంబరుగా తేలుతుందనీ, దాన్ని చూసి తర్వాత తమను పట్టుకుపోతారనీ జనం భయపడ్డారు. పోలీసులు వెతుకుతున్న ఒక ఇరుళ తెగ మనిషి, ఎత్తు కొలిచే కొయ్యను చూసి ఉరికంబమనుకుని, కొలిపించుకోవడానికి ఒప్పుకోలేదు.

కోయంబత్తూరులో ఒడ్డెవాళ్లది ఇంకో భయం. మట్టిపని, రాతిపని చేసే మన వడ్డెరలే వాళ్లు. బోయన్ అనేది వాళ్ల బిరుదు. దక్షిణాఫ్రికాలో స్థిరపడిన డచ్చి సంతతి వాళ్లైన బోయర్లతో బ్రిటిష్‌వాళ్ల యుద్ధం అప్పుడే ముగిసింది. చచ్చిపోయిన బోయర్ల స్థానంలో థర్‌స్టన్ తమను ఓడెక్కిస్తాడని బెదిరిపోయారు. ఆయన కన్ను సోకుతుందని, ఊరు విడిచి వెళ్లేదాకా కొత్త ఇటుక బట్టీకి నిప్పు పెట్టలేదు. థర్‌స్టన్ వీటిని సరదా ముచ్చట్లుగా రాసుకున్నాడు. నాకు మాత్రం అవి సాక్ష్యాలు. కొలత తీసుకున్నవాడు దాన్ని ఎవరి చేతిలో పెడతాడని అడిగే హక్కు లేని మనుషులు, తమకు చేతనైన తీరులో అడిగిన ప్రశ్న అది.

నిజానికి పోలీసులు తల కొలతలను అంతకుముందే వదిలేయడం మొదలుపెట్టారు. ఒకే మనిషిని ఇద్దరు కొలిస్తే రెండు లెక్కలు వచ్చేవి. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. అయినా ‘కొలతలు’ అన్న మాట మాత్రం పోలేదు. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం వేలిముద్రలను, పాదముద్రలను ఆ మాట కిందికే తెచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2022 చట్టంలో అదే మాట కనుపాపకూ, రక్తపు నమూనాకూ, నడవడికకూ సాగింది. ఆ రికార్డు 75 ఏళ్లు ఉంటుంది.

తప్పిపోయిన పిల్లల్ని, పాత నేరస్థుల్ని పట్టుకోవడానికే ముఖ గుర్తింపు, అంటే ఫొటోను పాత రికార్డులతో పోల్చి చూడటం, అని పోలీసులు అంటారు.

ఇంత సాగిన చట్టం కూడా ప్రధానంగా శిక్షపడ్డవాళ్లు, అరెస్టయినవాళ్లు వంటివాళ్ల గురించే మాట్లాడుతుంది. 2021 మేలో, లాక్‌డౌన్‌లో, హైదరాబాద్‌లో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను ఇంటికి వెళ్తుండగా ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన తీయనన్నారు. అయినా ఫొటో తీసుకున్నారు. ఆయన మీద ఏ కేసూ లేదు. ఎందుకు తీశారని నోటీసు పంపితే జవాబు రాలేదు. 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు విచారణకు తీసుకున్న పిటిషన్ ఆయనదే. ఏ చట్టం కింద తన ముఖాన్ని తీసుకున్నారన్నది అందులోని ప్రశ్న.