చేదు తిత్తి, చిన్న సీసా

చి. బన్నీకి, చి. చిన్నారికి తాతయ్య ఆశీస్సులు.

పక్కింటి పెద్దనాన్నగారి పైత్యరసం తీసి పరీక్షకు పంపారట, అందులో ఏం తెలుస్తుందని మొన్న ఫోన్లో అడిగారు. ముప్పయ్యేళ్లు ల్యాబులో అలాంటి సీసాలే పట్టుకున్నవాణ్ణి. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా.

చేప బాగుచేసేటప్పుడు నాయనమ్మ "చేదు పగలనియ్యకు" అని కేకేస్తుంది చూడండి, ఆ పచ్చటి తిత్తే పిత్తాశయం. మనకూ ఉంది. కాలేయంలో తయారైన పైత్యరసం కొంత అందులో నిలవుండి, సన్నటి గొట్టం వెంట దిగి, క్లోమం (పాంక్రియాస్) రసంతోపాటు చిన్నపేగులో పడుతుంది. ఆ గొట్టంలో గానీ, క్లోమం తలభాగంలో గానీ క్యాన్సర్ గడ్డ లేస్తే దారి మూసుకుపోతుంది. కళ్లు పచ్చబడతాయి, మూత్రం డికాషన్‌లా, మలం సుద్దలా అవుతుంది, ఒళ్లంతా దురద. (ఇలాంటివాళ్లకు ఆకు పసరు పోయించి, చేతిమీద వాతలు పెట్టించి నెలలు పోగొట్టిన ఇళ్లు నాకు తెలుసు.)

రాయి అడ్డుపడ్డా ఇవే లక్షణాలు. రక్తంలో సీఏ 19-9 అనే క్యాన్సర్ సూచిక కూడా రెండింట్లోనూ పెరగొచ్చు. అందుకని ఈఆర్‌సీపీలో, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి, స్టెంటు అనే సన్నటి గొట్టం వేసి దారి తెరిచేటప్పుడే కాస్త రసం పీల్చి సీసాలో పోస్తారు. గడ్డను ఒరుసుకుంటూ వచ్చిన రసం కదా, దాని కణాలు కొన్ని రాలి ఉండొచ్చని ఆశ.

ఇక్కడే చిక్కు. పైత్యరసం పని కొవ్వును విడగొట్టడం, అంట్ల సబ్బు జిడ్డును విడగొట్టినట్టు. కణం పైపొరా కొవ్వుదే! అందుకే సీసాను ఐసులో పెట్టి పరుగున తేవాలి. ఒకసారి భోజనాలవేళ వచ్చిన సీసాను నేనే బల్లమీద మరిచాను. సాయంత్రం యంత్రంలో గిర్రున తిప్పి చూస్తే అడుగున గోరంత మడ్డి, రంగు వేసి చూస్తే కణాలన్నీ చివికిపోయి ఉన్నాయి. ఆ రోగికి మళ్లీ గొట్టం వేయాల్సి వచ్చింది.

బాగున్న నమూనాలో మంచి కణాలు తేనెపట్టు గదుల్లా వరసగా ఉంటాయి. క్యాన్సర్ కణాల కేంద్రకాలు ఉబ్బి, వంకరపోయి, ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి. అవి కనిపిస్తే దాదాపు నమ్మొచ్చు. కనిపించకపోతే మాత్రం ఏమీ తేలనట్టే. పైత్యరసం గొట్టంలో బ్రష్‌తో గీకి తీసినా సగం దాకా క్యాన్సర్లు తప్పిపోతాయి, ఎందుకంటే క్లోమంలో గడ్డ బయటినుంచి నొక్కుతుంది, లోపలికి రాల్చేది తక్కువ. అందుకే మేము "క్యాన్సర్ లేదు" అని రాయం, "ఈ నమూనాలో క్యాన్సర్ కణాలు కనిపించలేదు" అని రాస్తాం. స్కానూ, ముక్క పరీక్షా (బయాప్సీ) కలిపి చూసుకోవాల్సిందే.

కణం చివికినా దాని డీఎన్ఏ ముక్కలు రసంలో మిగులుతాయి. క్లోమం క్యాన్సర్లలో నూటికి 90 దాకా కేరాస్ అనే జన్యువు మారి ఉంటుంది. ఆ మార్పును రసంలోనే పట్టుకునే పరీక్షలు వస్తున్నాయి. నేనున్నప్పుడు అవి లేవు, కాస్త అసూయగానే ఉంది!

రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపమనండి. నేను ముందు చూసేది ఫలితం కాదు, నమూనా తీసిన టైమూ, ల్యాబుకు చేరిన టైమూ.

మీ తాతయ్య